వంతెన ఎక్కని బండి

చిన్నమేస్త్రికి నలభై దాటి చాలా కాలమైంది. అయినా వీధివాళ్లందరికీ అతను చిన్నమేస్త్రే, అతని అన్న పెద్దమేస్త్రే. జుట్టు నెరిసినా ఆ ‘చిన్న’ మాత్రం వదల్లేదు.

ఆ మధ్యాహ్నం వదిన బండి తెచ్చి వాళ్ల రిపేరు షెడ్డు ముందు ఆపింది. దిగలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి అలాగే కూర్చుండిపోయింది. ఇంకేం అడగనక్కర్లేదు. అయినా అడిగాడు.

"మళ్లీనా వదినా?"

"మళ్లీనే. సరిగ్గా వంతెన మీద, ఎక్కుతుండగా. వెనక సీట్లో ఆపరేషనైన పెద్దావిడ, ఆ వెనక లారీ వాడి హారను. నేను కాలు నేలకంటా తొక్కితే, బండి నిద్రలో నడిచినట్టు నడిచింది. చివరికి ఆ పెద్దావిడే నన్ను ఓదార్చింది. ‘పోనీలేమ్మా, మెట్లెక్కితే నాకూ ఇంతే’ అని."

చిన్నమేస్త్రికి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. చేతిలో స్పానరు పక్కన పెట్టి బెంచీ మీద కూలబడ్డాడు.

వదిన ఆ బండిలో రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తుంది. ఎండాకాలంలో దాని ఇంజను పట్టేసి పనికిరాకుండా పోతే, అన్న పాత బళ్లు విప్పే యార్డుకెళ్లి, అంతకంటే పెద్ద ఇంజను ఏరి తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి దాన్ని బండిలోకి దింపారు. ఆ దింపడంలోనే అన్న నడుం కలుక్కుమంది. అంతే, మంచం పట్టాడు. బండేమో ఊళ్లో మెల్లగా తిరిగినంతసేపూ బంగారం. ఇంజను జోరందుకునే వేళకే ఊపిరి అందనట్టు చతికిలబడేది.

చిన్నమేస్త్రి మార్చనిది లేదు. ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. పంపు సరిగ్గా తోస్తోందో లేదో కొలిచాడు. టైమింగు చూశాడు. పోయిన తాళం కోసం వెతికిన జేబునే మళ్లీ మళ్లీ వెతికినట్టుంది అతని పని. విసిగి విసిగి ఒకరోజు మంచం పక్కన నిలబడి అనేశాడు: "నువ్వు తెచ్చింది చచ్చు ఇంజనురా అన్నయ్యా."

"ఇంజను కాదు, నీ చేతులు చచ్చువి" అన్నాడు అన్న, గోడవైపు తిరిగి.

అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు. నలిగింది మధ్యలో వదిన.

"ఇక నా వల్ల కాదు వదినా. వేరే ఎవరికైనా చూపించండి" అన్నాడు చిన్నమేస్త్రి, నేలకేసి చూస్తూ.

వదిన తల ఎత్తింది. "ఇంట్లో ఇద్దరు మేస్త్రీల్ని పెట్టుకుని ఊరి మీద పడమంటావా? నీకు పంతం, ఆయనకి పంతం. మీ పంతాలతో పెద్దావిణ్ణి వంతెన ఎక్కించమంటావా? ఉండు, చెప్తాను మీ సంగతి" అని బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆవిడ తిరిగొచ్చేసరికి పక్కసీట్లో అన్న ఉన్నాడు. నడుముకి బెల్టు, వెనక దిండు, పళ్లు బిగించిన మొహం. బండి ఆగీ ఆగకముందే కేకేశాడు.

"ఇంజను ఆపకు! బానెట్ ఎత్తమను వాణ్ణి."

"ఆ ‘వాడు’ మీ తమ్ముడే. మీరే చెప్పండి" అంది వదిన.

అన్న తమ్ముడి వైపు తిరిగాడు. "ఏరా, నువ్వు చూసేది బండి వేడి మీద ఉండగానా, చల్లారాకా?"

"చల్లారాకే. చేతులు కాల్చుకోమంటావా?"

"వంతెన మీద చల్లగా ఉందా ఇంజను? వేడి మీదే కదా చతికిలబడేది. ఇప్పుడే వంతెన ఎక్కి దిగొచ్చాం, కుతకుతలాడుతోంది. తొక్కేది నేను, చూసేది నువ్వు."

"నీ నడుం..."

"నడుంతో తొక్కుతానా? కాలుతో."

అన్నని ఈ సీట్లోంచి ఆ సీట్లోకి మార్చడానికి ఇద్దరూ చెరోవైపు పట్టాల్సి వచ్చింది. తమ్ముడి భుజం మీద బరువంతా వేసినప్పుడు అన్న తేలిగ్గా ఉన్నాడు. ఈ మనిషేనా ఆ ఇంజను ఒంటిచేత్తో ఊపి కూర్చోబెట్టింది అనుకున్నాడు చిన్నమేస్త్రి.

ఇన్నాళ్లూ ఒక్కడే కాబట్టి యాక్సిలరేటరు వైరు తన చేత్తోనే లాగి వినేవాడు. లాగుతూ వంగితే సగం ఇంజను తన ఒంటి చాటునే ఉండేది. ఈసారి దూరంగా నిలబడ్డాడు. వేడి ఆవిరి మొహానికి కొట్టింది.

అన్న తొక్కాడు. ఇంజను గొంతు పెంచింది. ఇంకా తొక్కాడు. షెడ్డు రేకులు గలగలమన్నాయి. అక్కడ, ఫిల్టరు డబ్బా నుంచి ఇంజనుకి గాలి తెచ్చే నల్ల రబ్బరు గొట్టం, పళ్లూడిన ముసలాడి బుగ్గల్లా లోపలికి పోయి అతుక్కుపోయింది. ఇంజను ఉక్కిరిబిక్కిరై చతికిలబడింది.

"వదులు!" అని అరిచాడు చిన్నమేస్త్రి.

అన్న కాలు తీశాడు. గొట్టం ఏమీ ఎరగనట్టు గుండ్రంగా నిలబడింది.

"మళ్లీ తొక్కు."

మళ్లీ అదే. వేడికి మెత్తబడిన ముసలి రబ్బరు, పెద్ద ఇంజను పీల్పుకి ఆగలేక నొక్కుకుపోతోంది. చల్లారితే గట్టిపడి పెద్దమనిషిలా ఉంటుంది. ఎన్నిసార్లు దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడో!

"ఏం కనబడిందిరా?"

చిన్నమేస్త్రి చెప్పాడు. చెప్పి, ఆగి, "ఇంజను మంచిదే అన్నయ్యా" అన్నాడు.

అన్న ఇంజను ఆపాడు. "ఆ గొట్టం ఇంజనుతో పాటు యార్డు నుంచి వచ్చిందే కదూ? ఏరి తెచ్చింది నేనే. చచ్చుదాన్ని తేలేదని కూడా అనలేను."

"హమ్మయ్య! ఇద్దరూ గెలిచారు. నేనొక్కదాన్నే ఓడింది" అంది వదిన. అన్న నవ్వబోయి నడుం పట్టుకున్నాడు.

గట్టి గొట్టం వెతికి తెచ్చి, కోసి, క్లిప్పులు బిగించేసరికి ఎండ వాలింది. ముగ్గురూ వంతెన మీదికి వెళ్లారు. వదిన తొక్కింది, బండి లాగింది. ఎక్కడా తడబడకుండా, ముందున్న లారీని దాటుకుని పైకెళ్లింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వదిన మాత్రం పైకొచ్చాక గట్టిగా ఊపిరి వదిలింది. వెనక సీట్లో అన్న, నోరు తెరుచుకుని, తమ్ముడి భుజం మీద నిద్రపోయాడు.

"లేపనా?" అన్నాడు చిన్నమేస్త్రి.

"వద్దులే. నొప్పికి రాత్రుళ్లు నిద్రే లేదు. ఇంకోసారి తిరిగొద్దాం" అంది వదిన.

బండి వంతెన దిగింది. చిన్నమేస్త్రికి భుజం తిమ్మిరెక్కుతోంది. షెడ్డులో ఇంకో రెండు బళ్లు విప్పి పడున్నాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా భుజం కదపలేదు.