దిగుడులో ఆపిన ఇంజను

నర్ధోజ్ రాయీకి డీజిల్ బండంటే ప్రాణం. ఎందుకని ఎవరైనా అడిగితే చాలు, కొండ కిందున్న మానేభంజ్యాంగ్ జీపుల స్టాండులో అడిగినవాడి చేతిలో టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు. సందక్‌ఫూ కొండ ఎక్కే ఆ రాళ్లదారిలో పెట్రోలు జీపు లీటరుకు ఐదు కిలోమీటర్లు పోతే గొప్ప, డీజిల్‌ది పది పోతుంది. నిటారు ఎక్కుడులో మొదటి గేరు వేసి వదిలేస్తే డీజిల్ ఇంజను అలుపు లేకుండా లాక్కుపోతుంది. పెట్రోలుది గింజుకుంటుంది, సగం కొండ ఎక్కేసరికి రేడియేటరులోంచి ఆవిర్లు కక్కుతుంది. ఇవన్నీ నిజాలే, కాదనేవాడు లేడు. కానీ అతని అసలు కారణం వీటిలో ఒక్కటీ కాదు. డీజిల్ ఇంజను చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఆ మోతలో ఇంకో చప్పుడు వినబడదు. అంతే సంగతి.

ఆ చప్పుడు గురించి అతను ఎవరితోనూ అనలేదు. అంటే భూతవైద్యుడి దగ్గరికి లాక్కుపోతారు. భూతవైద్యుడు మొదట అడిగేది, పోయినవాడికి నువ్వేం చేశావని. దానికి జవాబు చెప్పే ధైర్యం నర్ధోజ్‌కి లేదు.

అతను జీతానికి నడిపే డీజిల్ జీపును ఆ ఏడు యజమాని అమ్మేసుకున్నాడు. ఇక మిగిలింది అన్న బీర్ఖా నడిపిన పాత పెట్రోలు జీపు, దొరల కాలం నాటిది. ఆరేళ్ల కిందట కొండ దిగేటప్పుడు, చిత్రే ఊరు దాటాక ఉన్న పొడుగు మలుపు దగ్గర అది దొర్లి బీర్ఖా పోయాడు. జీపును తాళ్లతో లాగించి, సొట్టలు తీయించి, వదిన సుక్‌మాయా కొండపైన కాలీపోఖ్రీలో తన టీకొట్టు వెనక రేకుల కింద పెట్టుకుంది. నర్ధోజ్ వెళ్లి అడిగితే ఆవిడ పెద్దగా ఆలోచించలేదు.

“తీసుకో కాంఛా. కానీ ఆ ఇంజను పీకి పారేసి నీ డీజిల్‌ది పెట్టించుకో. మధ్యదారిలో అది చచ్చింది, నా మొగుణ్నీ చంపింది. దాని మొహం నేను చూడలేను.”

ఇంటికి చిన్నవాడు కాబట్టి కాంఛా. నలభై రెండేళ్లొచ్చి జుట్టు నెరుస్తున్నా ఆవిడకి అతను కాంఛాయే. ఇంజను తనంతట తానే ఆగిపోయిందని ఆరేళ్ల కిందట ఆవిడకి చెప్పింది కూడా ఈ కాంఛాయే.

మానేభంజ్యాంగ్‌లో బళ్లు బాగుచేసే మేస్త్రీ డీజిల్ ఇంజను సిద్ధం చేసి కబురు పంపాడు. నర్ధోజ్ కొత్త బ్యాటరీ, రెండు క్యాన్ల పెట్రోలు తీసుకుని కాలీపోఖ్రీ వెళ్లాడు. ఆరేళ్లు పడుకున్న ఇంజను, ఎంత సతాయిస్తుందో అనుకున్నాడు. రెండోసారి చాబీ తిప్పగానే లేచి కూర్చుంది. సుక్‌మాయా శాలువా కప్పుకుని వచ్చి పక్క సీట్లో ఎక్కింది.

“మీరెందుకు భావుజు, చలిలో?” అన్న అతనికి దాజు, వదిన భావుజు.

“దాన్ని పీకేటప్పుడు ఒక్క తన్నైనా తన్నాలి. ఇన్నాళ్లు తిట్లతోనే సరిపెట్టాను.”

గైరీబాస్ దిగారు, తుమ్లింగ్ ఎక్కారు. మధ్యాహ్నానికే పొగమంచు దారి మీద పరుచుకుంది. ఇంజను ఎక్కడా తడబడలేదు. డీజిల్‌కి అలవాటుపడ్డ చెవులకి ఆ మెత్తదనం భయంగా ఉంది. చక్రాల కింద రాయి నలగడం, వదిన ఊపిరి పీల్చడం, అన్నీ విడివిడిగా వినబడుతున్నాయి. అతను ఊరికే దగ్గాడు, మంచుని తిట్టాడు, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు పాపం.

“బాగానే నడుస్తోందే,” అంది సుక్‌మాయా.

“ఎప్పుడేం చేస్తుందో చెప్పలేం.”

“ఆరేళ్లు పట్టించుకోకపోయినా ఇలా నడుస్తోంది. మీ దాజు రోజూ బిడ్డని తుడిచినట్టు తుడిచేవాడు. మరి ఆ రోజెందుకు ఆగింది?”

నర్ధోజ్ వినబడనట్టు గేరు మార్చాడు.

ఆ రోజుల్లో పెట్రోలు జీపుల వాళ్లకి ఒక అలవాటుండేది. దిగుడు రాగానే చాబీ తిప్పి ఇంజను ఆపేసి, న్యూట్రల్లో బండిని దొర్లించేవాళ్లు. పెట్రోలు ఖరీదు అలాంటిది మరి. హారను కొడితే బ్యాటరీ దిగిపోతుందని, మలుపులో చెయ్యి బయటపెట్టి తలుపు రేకు మీద అరచేత్తో చరిచేవాళ్లు. థప్, థప్, థప్. మంచులో ఎదురొచ్చేవాడికి అదే గుర్తు. అయితే ఇదంతా చిన్న చిన్న దిగుళ్లలోనే. పొడుగు మలుపు దగ్గర ఇంజను ఆపే పిచ్చివాడెవడూ లేడు. అక్కడ గేరులో ఉన్న ఇంజనే బండిని వెనక్కి పట్టుకోవాలి, ఉత్త బ్రేకులు కాలిపోతాయి.

ఆ సంగతి నర్ధోజ్‌కి తెలుసు, బీర్ఖాకి ఇంకా బాగా తెలుసు. కానీ ఆ ముందురోజు స్టాండులో అన్నదమ్ములిద్దరికీ మాటామాటా వచ్చింది.

“నీ డీజిల్‌కి పొద్దున్నే వేడినీళ్లు పోస్తే గానీ నిద్ర లేవదు, కొత్తల్లుడిలాగా,” అన్నాడు బీర్ఖా. “నాది మంచులోనైనా పిలిస్తే పలుకుతుంది.”

“పలుకుతుంది, పలికి తాగుతుంది. దాజు, నీ బండి తాగుడికి భావుజు నగలు కూడా చాలవు.”

స్టాండంతా నవ్వింది. బీర్ఖా మొహం మాడిపోయింది. అక్కడితో ఆగుంటే బాగుండేది. నవ్వుతున్న జనాన్ని చూసి నర్ధోజ్‌కి ఊపొచ్చి, నోరు పారేసుకున్నాడు.

“అంత మొనగాడివైతే రేపు చిత్రే నుంచి కింద దాకా ఒక్క చుక్క కాల్చకుండా దిగు. నీ పెట్రోలే గొప్పదని అందరి ముందూ ఒప్పుకుంటాను.”

“దిగుతాను, చూస్తూ ఉండు,” అన్నాడు బీర్ఖా. మర్నాడు నర్ధోజ్ కింద నిలబడి నిజంగానే చూస్తున్నాడు. పైన మంచులోంచి ఇంజను చప్పుడు రాలేదు. రేకు మీద దెబ్బలు మాత్రం వినబడ్డాయి. మూడు, మళ్లీ మూడు, తర్వాత ఎడతెరిపి లేకుండా. తర్వాత ఇంకేం లేదు.

అప్పట్నుంచి మంచు పట్టిన రోజు ఆ మలుపు దగ్గర అతనికి ఆ దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. డీజిల్ ఇంజనుని మరో రెండు మోతలు మోగించి దాటిపోయేవాడు.

ఇవాళ మోగించడానికి డీజిల్ లేదు. చిత్రే దాటి మలుపు మొదట్లో మొదటి గేరు వేశాడో లేదో, పక్కనే, తలుపుకి బయట, థప్, థప్, థప్. వదిన చేతుల వైపు చూశాడు. రెండూ శాలువా లోపలే ఉన్నాయి. జీపు ఆపేశాడు. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది, నెమ్మదిగా, తప్పు లేకుండా.

“ఏమైంది?”

“వినబడిందా భావుజు?”

“ఏంటి వినబడేది?” ఆవిడ అతని మొహం చూసి గొంతు తగ్గించింది. “కాంఛా, ఇక్కడేగా?”

ఇంకా దాచడం అతని వల్ల కాలేదు. స్టీరింగు పట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే స్టాండులో మాటలు, నవ్వులు, పందెం, తను కింద నిలబడి విన్నది, తర్వాత ఆడిన అబద్ధం, అన్నీ చెప్పేశాడు. “ఇంజను ఆగలేదు భావుజు. దాజు ఆపాడు. నేను ఆపించాను.”

సుక్‌మాయా చెయ్యి చాచి ముందున్న రేకు మీద పెట్టింది. కింద ఇంజను అదురు చేతికి తగులుతోంది.

“ఆరేళ్లు దీన్ని తిట్టాను రా. దీనికి నోరు లేదు. నీకుంది కదా?”

అతను మొహం తుడుచుకుంటుంటే ఆవిడే మళ్లీ అంది.

“డీజిల్ వద్దు. ఇదే నడుపు.”

“దీంతో పూట గడవదు భావుజు. లీటరుకి ఐదు కూడా...”

“నాకు లెక్కలు చెప్పకు. ఆ లెక్కలతోనే నువ్వు నా మొగుణ్ని కొండ మీద నుంచి తోశావు.” ఆవిడ అరవలేదు. అరిస్తే అతనికి తేలికయ్యేది. “ఎక్కేటప్పుడు పెట్రోలు కాలాలి, దిగేటప్పుడూ కాలాలి. రోజూ ఈ మలుపులో దిగుతావు. ఇంజను ఆపావని తెలిసిందా, నీకు వదిన లేదు.”

“నాకిక్కడ ఆయన వినబడతాడు,” అన్నాడు నర్ధోజ్. “దీంట్లో ఇంకా బాగా వినబడతాడు.”

“విను. నాకైతే అదీ లేదు.”

మానేభంజ్యాంగ్‌లో మేస్త్రీ డీజిల్ ఇంజను మీద గుడ్డ తీసి, నూనె చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. అది ఇంకెవరికైనా అమ్ముకోమన్నాడు నర్ధోజ్. మేస్త్రీ అతన్నీ, జీపు దిగకుండా కూర్చున్న సుక్‌మాయానీ మార్చి మార్చి చూశాడు.

“మతి పోయిందా? ఈ కొండలో పెట్రోలు పోసి ఎన్నాళ్లు నడుపుతావు?”

“భావుజు ఆపమనేదాకా,” అన్నాడు నర్ధోజ్.