బావ ఎక్కించిన బస్సు

బావ జీవితమంతా బస్సు తోలిన మనిషి. దారుల విషయంలో ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, దర్జీ పని చేసుకునే బావమరిదికి అసలే లేదు. అందుకే దేశం కాని దేశంలో, ఇంకా చీకటుండగానే, "హోటల్ ముందు ఒకటే తిన్నటి రోడ్డు. నది దాకా నడిచి పొద్దుపొడుపు చూసొద్దాం, మీ అక్కని లేపకు" అని బావ అనగానే దర్జీ కిక్కురుమనకుండా బయల్దేరాడు.

సూర్యుడు మాత్రం మబ్బు దిగి రానని మొండికేశాడు. బావ అంతకన్నా మొండి. "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా?" అంటూ గట్టు మీదే తిష్ఠ వేశాడు. చూస్తూండగానే టూరు వ్యాను బయల్దేరే వేళ దగ్గరపడింది. ఆ వ్యాను నేరుగా విమానాశ్రయానికే. ఎవరికోసమూ ఆగేది లేదని టూరు మేనేజరు ముందే తెగేసి చెప్పాడు. అక్క చేతిలో ఫోను లేదు, పైగా ఆమె పాస్‌పోర్టు బావ సంచిలో ఉంది. ఎవరినీ నమ్మి ఇవ్వడు కదా మహానుభావుడు!

"బస్సెక్కేద్దాం," అన్నాడు బావ.

వంతెన మొదట్లో రోడ్డుకి రెండు పక్కలా స్టాపులున్నాయి. బావ హోటల్ వైపు మొహం పెట్టి, మన ఊళ్ళో లాగే ఎడమ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. పక్క సందులోంచి మలుపు తిరిగి వచ్చిన బస్సు ఇద్దరూ ఎక్కేశారు. ఇక్కడ బళ్ళు కుడి పక్కన నడుస్తాయన్న సంగతి అంత అనుభవమున్న డ్రైవరుకీ ఆ హడావిడిలో తోచలేదు.

కిటికీలోంచి చూస్తే కింద నీళ్ళు. వచ్చేటప్పుడు వాళ్ళు వంతెన దాటనే లేదు.

"బావా, మనం అవతలి ఒడ్డుకి పోతున్నట్టున్నాం."

"చుట్టు తిరిగి వెళ్తుందిలే. నోర్మూసుకుని కూర్చో."

దర్జీకి ఒళ్ళు మండింది. అక్క పెళ్ళినాటి నుంచీ ఈ నోరు మూసుకునే ఉంది. ఇప్పుడు అక్కడ అక్క ఒంటరిగా బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. లేచి బెల్లు నొక్కాడు.

"దిగు బావా."

"ఏంట్రా?"

"దిగమంటున్నానా!"

దిగారు. బావ మొహం చిన్నబోయింది. ఉక్రోషంతో కుడివైపు చూశాడు. ఖాళీగా ఉందని రోడ్డు మీదికి అడుగేశాడు. లారీ ఎడమవైపు నుంచి వచ్చింది. దర్జీ ఆయన కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు. కాలరు సగం ఊడి చేతికొచ్చింది గానీ మనిషి దక్కాడు. లారీ విసురుగాలి ఇద్దరి మొహాలకీ కొట్టింది. బావ అక్కడే చతికిలబడిపోయాడు. దర్జీ ఆయన్ని లేపి, దొరికిన టాక్సీలో కుదేశాడు.

హోటల్ ముందు వ్యాను ఇంజను ఆన్‌లోనే ఉంది. అక్క ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, తలుపు పడనివ్వకుండా నిలబడి ఉంది. మేనేజరు తల పట్టుకుని ఉన్నాడు. టాక్సీ దిగారో లేదో అక్క తమ్ముడి మీద విరుచుకుపడింది.

"బుద్ధుందా నీకు? ఆయన వద్దన్నా నువ్వే లాక్కెళ్ళుంటావ్!"

దర్జీ అలవాటుగా తల దించుకున్నాడు. బావ ఎప్పటిలాగే అవునంటాడని ఎదురుచూశాడు.

"వాణ్ణేమీ అనకు," అన్నాడు బావ. "తప్పు నాది. వాడు నన్ను లాగకపోతే, నువ్వీపాటికి..."

కాపురానికి వచ్చాక ఆయన నోట తప్పు నాదన్న మాట అక్క వినడం అదే మొదలు. ఏం జరిగిందో అడగను కూడా అడగలేదు. భయపడిపోయి, అందరి ఎదుటా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.