నామెలే ఆకు కట్టిన గుమ్మం

పర్యావరణ చట్టం చెప్పే మా డాక్టర్ పెండ్‌బరీకి తెలియని విషయం ఈ లోకంలో లేదు. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. లా కాలేజీలో నా మూడో ఏడాదంతా ఆయన గొప్పలు వినడంతోనే సరిపోయింది. సముద్రం కూడా కోర్టుకెక్కగలదని బల్ల గుద్ది మరీ చెప్పేవాడు. మా ఎఫాటే దీవిలో ఏడేళ్లుగా కాపురముంటున్నా, ఆయన ఆ సముద్రంలో మోకాలి లోతు దిగగా చూసినవాళ్లు లేరు. బూట్లు తడుస్తాయట!

ఆ ఏడు మా తరగతికి ఉత్తుత్తి వాదనలు కాకుండా నిజమైన పని దొరికింది. మా ఊరు మలసోవలో ఒక హోటల్ కంపెనీ పడవల రేవు కడతానంది. కట్టాలంటే పగడపు దిబ్బ తవ్వాలి. మా అమ్మా పిన్నులూ నీళ్లు వెనక్కి తీసే పాటు వేళ గవ్వలూ పీతలూ ఏరుకొచ్చే దిబ్బ అది. అది పోతే మా ఇంట్లో వారానికి మూడు రోజులు కూర ఉండదు. తవ్వే ముందు ఊరివాళ్ల అభ్యంతరాలు వినాలని చట్టం. వినే పని మా కాలేజీ నెత్తిన పడింది. విచారణ రోజు మధ్యాహ్నం పన్నెండులోపు ఒక్క అభ్యంతరం నమోదైనా కంపెనీ పర్యావరణ పరిశీలనంతా మొదటి నుంచి మళ్లీ చేయించుకోవాలి. ఒక్కటీ రాకపోతే రేవు ఖాయం.

ఆ రోజు పొద్దున్నే పెండ్‌బరీ మా ఊరి సభామందిరం గుమ్మానికి రెండు నామెలే ఆకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి మేకులు కొట్టాడు. స్థానిక సంస్కృతికి గౌరవమట. ఈత మట్టల్లా ఉండే ఆ ఆకులు మా దేశపు జెండా మీద ఉంటే శాంతికి గుర్తు. గుమ్మానికి కడితే మాత్రం అడుగు పెట్టొద్దని అర్థం. కాదని దాటితే పంది జరిమానా. మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

నేను పక్కనే నిలబడి చూశాను. నోరు విప్పలేదు. వారం కిందటే ఆయన తప్పు చూపించిన ఒక కుర్రాణ్ణి తరగతిలో అందరి ముందూ కడిగేశాడు. నా మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. పెద్దవాళ్లెవరో వచ్చి చెబుతారులే అనుకున్నాను. సిగ్గుమాలిన ఆలోచన.

తొమ్మిదింటికి ఊరంతా కదిలి వచ్చింది. గుమ్మం చూసి ఆగింది. కిక్కురుమనకుండా వెళ్లి ఎదురుగా ఉన్న సీమపనస చెట్టు కింద చాపలు పరుచుకుంది. ఆడవాళ్లు దుంపలు తురిమి ఆకుల్లో ఉడికించిన లాప్‌లాప్ పొట్లాలు విప్పారు. లోపల మాతో కూర్చున్న పెండ్‌బరీ మాటిమాటికీ టై సర్దుకుంటూ, ఈ జనానికి సమయపాలన లేదని గొణిగాడు.

పదిన్నరకి నేను ఉండబట్టలేక బయటికి పరుగెత్తాను. ఊరి పెద్ద కల్తాక్ మా అమ్మకి అన్న.

"మామయ్యా, లోపలికి రండి! టైమైపోతోంది!"

"ఆ ఆకు ఎవరు కట్టారే?"

"మా సారు."

"కట్టినోడే విప్పాలి. నీకిది కొత్తా?"

"ఆయనకి తెలీదు మామయ్యా."

"తెలీనోడికి మేకులెందుకమ్మా, చేతులు దురదపెట్టాయా?" అంది మా చిన్న పిన్ని. చెట్టు కింద అందరూ పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

లోపలికొచ్చి సారు ముందు నిలబడ్డాను. "సార్, ఆ ఆకులు తీసెయ్యండి. అవి ఉండగా ఎవరూ రారు."

"లేనసే, నామెలే మీద నేను నలభై పేజీల వ్యాసం రాశాను. అది శాంతి చిహ్నం."

"జెండా మీద సార్. గుమ్మానికి కడితే రావద్దని."

"మరి నువ్వెలా వచ్చావు?"

"పోనీ మీరే చెట్టు కిందికి రండి సార్, అక్కడే రాసుకుందాం" అన్నాను.

"నోటీసులో మందిరం అని ఉంది. చెట్టు అని లేదు. అక్కడ చెప్పింది లెక్కలోకి రాదు."

చూశారా చదువంటే! కేకేస్తే పలికేంత దూరంలో ఊరు ఊరంతా కూర్చుని ఉంటే, ఈ మహానుభావుడికి ఒక్క మనిషీ కనపడలేదు.

పన్నెండు కావస్తుండగా కాగితం ముందుకు లాక్కుని, 'అభ్యంతరాలు లేవు' అని రాయబోయాడు.

"ఒకటుంది. నాది," అన్నాను.

"నువ్వు వినే పక్షం. చెప్పే పక్షం కావాలంటే ఈ కోర్సు వదులుకోవాలి." అంతటితో నోరు మూసుకుంటాననుకున్నాడు.

విద్యార్థుల జాబితా తీసుకుని నా పేరు కొట్టేశాను. అభ్యంతరాల కాగితం మీద అదే పేరు రాసి, దిబ్బ గురించి నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టాను. ఏడాది చదువు గంగపాలు. నియమం చెప్పింది తనే కాబట్టి, మింగలేక కక్కలేక పెండ్‌బరీ ఆ కాగితం తీసుకున్నాడు.

బయటికి రాగానే సంగతి విని అమ్మ నన్ను కావలించుకుంది. మామయ్య భుజం తట్టాడు. "దిబ్బని నిలబెట్టావే. ఇక ఒక పంది పట్రా."

"పందేంటి మామయ్యా?"

"ఆకు దాటావుగా. ఎన్నిసార్లో అడగన్లే, ఒక్కటి చాలు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను చదువే పోగొట్టుకుంటే నాకా జరిమానా? కట్టిందే ఆయన! ఆయన్ని అడగరేం?"

మామయ్య మందిరం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఆయనకి తెలీదమ్మా. పొద్దున మేకులు కొడుతున్నప్పుడు పక్కనే నువ్వున్నావు. నీకు తెలుసు."