మెట్ల పక్క గోడ

టైలరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైవాటాలోకి ప్లాస్టరింగు పనివాళ్ళు ఐదుగురు దిగినప్పటినుంచీ ఆ కోపానికి తీరిక లేకుండా పోయింది. ఎక్కడెక్కడినుంచో వచ్చారు, కుళాయి దగ్గర చూస్తే వాళ్ళే, మెట్ల మీద చూస్తే వాళ్ళే. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న తనేమో బిందె పట్టుకుని వాళ్ళ వెనక నిలబడాలి. ఇదెక్కడి న్యాయం?

ఇప్పుడసలు ఆ ఇల్లే ఉంటుందో ఊడుతుందో తెలియదు. కట్టడం పాతబడిపోయింది, అందర్నీ ఖాళీ చేయించండి అని ఓనరు మున్సిపల్ ఆఫీసులో అర్జీ పడేశాడు. నిజానికి దానికంత రోగమేం లేదు. మెట్ల పక్క గోడలో వెంట్రుకంత పగులు, అంతే. శుక్రవారం పదకొండింటికి ఇంజనీరు వచ్చి చూస్తాడు. బాగుందని ఆయన రాస్తే ఓనరు నోరు మూతపడుతుంది. లేదంటే అందరూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

శుక్రవారం పొద్దున్నే గోడ మీద టకటకమని ఉలి దెబ్బలు వినిపించాయి. టైలరమ్మ కుట్టు మిషను దగ్గరినుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చింది. పైవాటా మేస్త్రీ, అతని తమ్ముడు పగులు వెంబడే గోడ చెక్కుతున్నారు. వెంట్రుక కాస్తా పిడికిలి పట్టేంత సందయింది. లోపలి ఇటుకలు కనిపిస్తున్నాయి.

"ఏం చేస్తున్నారయ్యా? ఉన్న కొంప కూడా కూలుస్తారా?"

"లేదక్కా, ఇంకో గంట. ముందు విప్పాలి, తడపాలి, అప్పుడు..."

"అప్పుడు నా తలకాయ. ఓనరు పంపాడా మిమ్మల్ని? ముందు పైకి నడవండి."

మేస్త్రీ మళ్ళీ ఏదో చెప్పబోయాడు. ఆమె చెవిన వేసుకుంటేగా! కలిపి పెట్టిన సిమెంటు తట్టను వీధిలోకి ఈడ్చి బోర్లించింది. అన్నదమ్ములు మొహమొహాలు చూసుకుని పైకి వెళ్ళిపోయారు.

పదకొండింటికి ఇంజనీరు వచ్చాడు. సందులోకి టార్చి వేసి చూసి, పెన్ను తీశాడు. ఇది ఇవాళ చెక్కిందండీ, నిన్నటిదాకా ఇంత లేదండీ అని టైలరమ్మ మొత్తుకుంది. "నిన్న నేను చూడలేదుగా అమ్మా" అన్నాడాయన. నివాసానికి పనికిరాదు, ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి అని రాసిచ్చి వెళ్ళిపోయాడు.

ఆమె కాగితం పట్టుకుని పైకి పరిగెత్తింది.

"పైపైన పూస్తే నిలవదక్కా. విప్పి నింపితేనే గోడలో కలిసిపోతుంది" అన్నాడు మేస్త్రీ. "పదింటికల్లా అయిపోయేది. మాకూ ఈ గదే దిక్కు కదా."

"ఆ ముక్క గట్టిగా చెప్పి చావొచ్చుగా."

అతను చెప్పబోయాడని ఇద్దరికీ తెలుసు. ఎవర్ని తిట్టాలో తోచక ఆమె తలుపు మీద ఒక్కటి చరిచింది. తన మీద తనకే ఒళ్ళు మండిపోతోంది.

"మావాళ్ళుండే పేటలో గదులున్నాయి. మీకూ ఒకటి అడుగుతాను" అన్నాడతను. ఆ గొంతులో ఎత్తిపొడుపు వెతికింది ఆమె, దొరకలేదు. "అక్కడి పాతవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళని కాస్త కసురుకుంటారక్కా. కొన్నాళ్ళు తలొంచుకుని ఉంటే చాలు."