వకీళ్లకు ఇల్లు కిరాయికి ఇవ్వబడదు

సూర్యాపేటలో దొంగకైనా కిరాయి ఇల్లు దొరకవచ్చు గానీ వకీలుకు దొరకదు. దొంగ దోచుకుని వెళ్లిపోతాడు. వకీలు వెళ్లడు. ఖాళీ చెయ్యమంటే కేసు వేసి, అదే ఇంట్లో మనవళ్ల పెళ్లిళ్లు కూడా చేస్తాడు. ఇది ఊళ్లో ఇంటి ఓనర్లందరి గట్టి నమ్మకం.

అందుకే అడ్వొకేట్ నాగేష్, ముసలి గౌరయ్య ఇంటి పై పోర్షన్ తీసుకునేటప్పుడు, డిగ్రీ పిల్లలకు బ్యాంకు పరీక్షల కోచింగ్ ఇస్తానని అబద్ధం చెప్పాడు. నిజానికి అక్కడ జరిగేది లాసెట్ కోచింగ్. డిగ్రీ తర్వాత లా కాలేజీలో చేరాలంటే ఆ ఎంట్రన్స్ రాయాల్సిందే. సత్యం, న్యాయం, సాక్షి బాధ్యత గురించిన పాఠాలన్నీ ఓనరుకు వినపడకుండా గుసగుసల్లో సాగేవి. రాజ్యాంగం పుస్తకానికి బ్యాంకు గైడు అట్ట తొడిగారు.

ఆ గుసగుసలను అందరికంటే శ్రద్ధగా వినేది సౌమ్య. బీకాం చివరి సంవత్సరం, పెన్‌పహాడ్ నుంచి రోజూ బస్సు. తండ్రి శంకరయ్య ఒక్కటే ఛాన్స్ ఇచ్చాడు. ఈసారి సీటు వస్తే లా. రాకపోతే కోదాడలో మేనమామ బట్టల షాపు, చీరలు విప్పడం, మడత పెట్టడం.

పరీక్ష దగ్గరపడ్డాక నాగేష్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆయన ఆలోచనల వల్ల ఇంతకాలం నష్టపోయింది క్లయింట్లు మాత్రమే. పిల్లల్లో జంకు పోవాలని క్లాసులో నమూనా కోర్టు పెట్టి, నల్లకోటు వేసుకుని తానే జడ్జిగా కూర్చున్నాడు. సౌమ్యను ప్రాసిక్యూటర్ చేశాడు. నెలల తరబడి నొక్కిపెట్టిన గొంతు ఒక్కసారిగా తెరుచుకుంది. హత్య చేసింది నువ్వేనంటూ ఆమె ముద్దాయి వేషం కట్టిన తోటి విద్యార్థి సతీష్‌ను గద్దిస్తుంటే, నీళ్ల ట్యాంకు చూడటానికి పైకొచ్చిన గౌరయ్య గుమ్మంలో ఆగిపోయాడు. ఆయన్ను ఆపింది హత్య కాదు, కోటు.

"బ్యాంకుల నల్లకోటు ఎవలేస్కుంటరు సారూ?"

జడ్జి ముందు తడబడకూడదని రోజూ చెప్పే నాగేష్ తడబడి, వారం గడువు అడిగాడు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఆయన క్షుణ్ణంగా నేర్చిన విద్య అదొక్కటే. గౌరయ్య ఇవ్వలేదు. తెల్లారేసరికి తలుపుకు ఆయన సొంత తాళం, వీళ్ల తాళానికి రెండింతలది, వేలాడుతోంది. పుస్తకాలు, నోట్సు అన్నీ లోపలే.

అలా తాళం వేయడం చట్టవిరుద్ధమని మొన్ననే పాఠం అయిందని, కేసు వేద్దామని సతీష్ అన్నాడు. తీర్పు వచ్చేనాటికి మీ పిల్లలు లాసెట్ రాస్తారని నాగేష్ చెప్పాడు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన చెప్పిన మొదటి నిజం అది.

వార్త ఊరంతా పాకడంతో నాగేష్ గదుల వేటలో పక్క ఊళ్లు పట్టుకు తిరిగాడు. కోదాడ ఓనరు కాఫీ ఇచ్చి, మీరు చాలా మంచివారండీ, కానీ వకీలండీ అని సాగనంపాడు. మిర్యాలగూడ ఓనరు కాఫీ కూడా ఇవ్వలేదు. కావాలంటే ఇల్లు పోలీసులకైనా ఇస్తానన్నాడు.

సౌమ్య మాత్రం ఎక్కడికీ పోలేదు. తిన్నగా గౌరయ్య వాకిట్లోకి వెళ్లింది. ఆయన, భార్య లక్ష్మీనర్సమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"తాతా, మేం ఖాళీ చెయ్యమనే గదా నీ భయం?"

"వకీలు జాతే గంత."

"మేమింక వకీళ్లం గాలే. పాసైతే హైదరాబాద్ కాలేజీకి పోతం. ఫెయిలైతేనే కష్టం, మళ్ల ఏడాది గీడనే కోచింగ్. మా పుస్తకాలు నీ ఇంట్ల, మేం నీ మెట్ల మీద."

గౌరయ్య చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"అంటే పాసైతేనే పోతరా?"

"పాసైనోళ్లం పోతం. ఫెయిలైనోళ్లు ఉంటరు."

"ఇంకేం సూస్తున్నవ్?" అంది లక్ష్మీనర్సమ్మ. "తాళం తియ్యి. సదివి పోనియ్యి."

ఆ రోజు నుంచి కోచింగ్ సెంటర్‌కు ప్రిన్సిపాల్ దొరికాడు. ఫోన్లన్నీ గౌరయ్య బియ్యం డ్రమ్ములోకి చేరాయి. కరెంటు పోతే కింద ఇన్వర్టర్ నుంచి పైకి వైరు లాగాడు. టెస్టులో మార్కులు తగ్గిన సతీష్‌ను బాత్రూం తలుపు దాకా వెంబడించి రాజ్యాంగంలో షెడ్యూళ్లు ఎన్నని అడిగాడు. పన్నెండు అని లోపలి నుంచి జవాబు వచ్చాకే కదిలాడు. సౌమ్య కాస్త కిటికీలోంచి చూస్తే చాలు, కింద నుంచి దగ్గు వినిపించేది. విద్య మీద ఇంత ప్రేమ ఉన్న ఓనరు జిల్లాలో లేడని నాగేష్ అందరితో చెప్పుకున్నాడు.

ఫలితాలు వచ్చాయి. సౌమ్యకు మంచి ర్యాంకు, హైదరాబాద్‌లో సీటు. సతీష్ కూడా గట్టెక్కాడు. శంకరయ్య మాట తప్పలేదు. కోదాడ మేనమామే వేరే మనిషిని వెతుక్కున్నాడు.

ఆమె వెళ్లే రోజు గౌరయ్య తనే బ్యాగు మోసుకుని బస్టాండ్‌కు వచ్చాడు. సీటు చూసి కూర్చోబెట్టాడు. ఇంత మంచి మనిషా అని చుట్టుపక్కల వాళ్లు ముచ్చటపడ్డారు. ఆయన చూస్తున్నది మాత్రం డ్రైవర్ ఎప్పుడు ఎక్కుతాడా అని. ఒక సందేహం కూడా మిగిలింది. కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీరంత పోతున్నరు, మంచిగనే ఉన్నది. నాగేష్ సారు ఎప్పుడు పాసైతడు బిడ్డా?"

సౌమ్యకు ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది.

"సారు ఎప్పుడో పాసైండు తాతా."

బస్సు కదిలింది.