చౌడేశ్వరత్త పళ్ళు

నా భార్య సుజన పోయాక నేను ఎమ్మిగనూరులో మా అత్త చౌడేశ్వరి ఇంటికి మారాను. ఆమె నాకు మేనత్త, సుజనకు తల్లి. ఉండేది ఇద్దరమే. నేను బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తే ఆమె మగ్గం గుంటలో కూర్చుంటుంది.

ఒక ఆదివారం జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ముందు పళ్ళు కదులుతున్నాయి.

"అన్నీ పెరికించేయప్పా, పీడా పోతాది. ఇప్పుడు ఎవురికి నవ్వి సూపించల్ల?" అంది.

నవ్వితే ఆమె పై పెదవి ఎడమవైపు కొంచెం ఎక్కువ లేస్తుంది. సుజనకూ అంతే. ఆ మాట ఆమెతో అనలేదు. ఒకసారి చూపిద్దామని ఆదోని తీసుకెళ్ళాను.

పళ్ళ డాక్టరు శివజ్యోతి నోరు చూసి, "తోముకోవడం ఎప్పుడు మానేశావవ్వా?" అని అడిగింది.

"పోగు తెగితే ముడేసి కొన పంటితో కొరుకుతాం గదా తల్లీ. తెల్ల నూలుకు నెత్తురంటి చీర పాడయిపోయ. తోమితేనే గదా నెత్తురొచ్చేదని మానుకుంటి. ఉప్పునీళ్ళు పుక్కిలించి, నొప్పికి ఇంత పొగాకు పొడి పెట్టుకుంటాండా."

డాక్టరు అద్దం పట్టి చూపించింది. "తోమినందుకు కాదవ్వా. పళ్ళ మొదట్లో పాచి నిలిచి చిగురు వాచింది, అందుకొచ్చింది నెత్తురు. తోమడం మానేసరికి పాచి గట్టిపడి గారయింది. గార చిగురు కిందికి దిగితే పంటిని పట్టుకున్న ఎముక తరిగిపోతుంది. పొగాకు నొప్పిని కప్పిపెట్టి జబ్బును పెంచింది."

"గార తీస్తే పండ్లు ఊడిపోతాయంటారే?"

"తీయకపోతేనే ఊడతాయి. తీశాక కొన్నాళ్ళు సందులు కనబడతాయి, చల్లనీళ్ళు జివ్వుమంటాయి. అంతే."

అత్త నా వైపు తిరిగింది. "అయివారివి గదా, నువ్వేమంటావప్పా?"

"ఉంచుకుందాం అత్తా" అన్నాను.

నన్ను కాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

చిగుళ్ళకు మత్తిచ్చి, రెండు విడతలుగా లోపలి గారంతా తీశారు. పొగాకు డబ్బా అత్తే పారేసింది. పారేసినందుకు నన్ను తిట్టింది. "నీ పెండ్లామూ ఇంతే మొండిది. సరిపోయినారు ఇద్దరూ!" పొద్దున, రాత్రి మెత్తని బ్రష్షుతో చిగురు అంచున నిదానంగా తోముకునేది. నేను పక్కన నిలబడేవాణ్ణి. మొదట్లో నురగ ఎర్రగా వచ్చేది. "సూడప్పా, నీ వైద్యం!" అని కళ్ళెర్రజేసేది. పోనుపోను నురగ తెల్లబడింది. కత్తెర కొనిచ్చాను గానీ పోగు కొరికే అలవాటు పోలేదు.

మళ్ళీ చూపించడానికి వెళ్తే డాక్టరు సంతోషించింది. "ముందు పళ్ళు నిలబడ్డాయవ్వా. లోపలి దవడపన్ను ఒక్కటి మాత్రం నిలవదు, తీసేయాలి."

అత్త తలూపింది.

"తీసేయ్ తల్లీ. ఉండేవాటిని సూసుకుంటాం. ఇదయినంక ఈయప్ప నోరు గూడా సూడు. నవ్వి శానా దినాలాయ. లోపల ఏముండాదో ఏమో!"

ఆమె పని అయ్యాక డాక్టరు నాకు కుర్చీ చూపించింది. కూర్చుని నోరు తెరవబోతే నవ్వొచ్చింది.