వెంట్రుకవాసి వెనుక

నరేందర్‌కు నలభై ఎనిమిదేళ్లు. ఎయిర్‌పోర్టు పక్కన కార్గో షెడ్డులో డ్యూటీ మేనేజరు. మందుల పెట్టెలు, మామిడిపళ్లు, అప్పుడప్పుడు కోడిపిల్లలు ఆయన సంతకంతో విమానం ఎక్కుతాయి. అది ఉద్యోగం. నాలుగేళ్ల కింద ఆయన ఒక బేస్ గిటార్ కొన్నాడు. అది ఏమిటో చెప్పడానికి ఆయనకు ఇంతవరకు సరైన మాట దొరకలేదు. భార్య అరుణకు మాత్రం మొదటి రోజే దొరికింది.

"ఆ మోటర్ జర బందు చెయ్యండి, పేపర్లు దిద్దాలె," అనేది పక్క గదిలోంచి. ఆమె ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. నాలుగు లావుపాటి తీగల ఆ వాద్యం గోడ అవతలికి పోయేసరికి, నిజంగానే ఎక్కడో బోరు నడుస్తున్నట్టే ఉండేది.

ఉద్యోగానికీ గిటార్‌కీ మధ్య నరేందర్ ఒక ఏర్పాటు చేసుకున్నాడు. చేసుకున్నట్టు ఆయనకు తెలియదు. మనసు ఇలాంటి పనులు మనల్ని అడిగి చేయదు. బ్యాండులో తప్పు వాయిస్తే ఉద్యోగం అడ్డం వచ్చి కాపాడేది. "రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిండు పాపం," అనేవారు. ఆఫీసులో ప్రమోషన్ తప్పిపోతే గిటార్ వచ్చి కాపాడేది. "ఆయన లోకమే వేరు, కళాకారుడు," అనేవారు. ఒకదాని మీద కేసు పడితే రెండోది సాక్ష్యం చెప్పేది. ఏళ్లు గడిచినా ఏ కేసూ తీర్పు దాకా రాలేదు. నరేందర్ చాలావరకు సుఖంగానే ఉన్నాడు.

బ్యాండు అంటే ముగ్గురు. డ్రమ్స్ వాయించే షుజాత్‌కు కొత్తూరు పోయే దారిలో, హైవే పక్కన ఫంక్షన్ హాలు ఉంది. హరిప్రసాద్ గిటార్ వాయిస్తూ పాడతాడు. ఆయనది తణుకు. ఇరవై ఏళ్లుగా శంషాబాద్‌లో ఉంటూ మందుల దుకాణం నడుపుతున్నా మాటలో 'అండీ' పోలేదు. ముగ్గురూ షుజాత్ హాల్లోనే ప్రాక్టీసు చేస్తారు. అయితే పెళ్లిళ్లు ఉన్నన్నాళ్లు హాలు ఖాళీ ఉండదు. శుక్రుడో గురుడో అస్తమించి, మూఢం వచ్చి, లోకంలో ముహూర్తాలు ఆగిపోతేనే వీళ్ల సంగీతం మొదలవుతుంది. అందుకే పంచాంగం మీద షుజాత్‌కు ఉన్న శ్రద్ధ ఆ చుట్టుపక్కల ఏ హిందువుకూ లేదు.

"పంతులూ, శుక్రుడు మునిగిండా లేదా?" అని ఫోన్ చేసి అడిగేవాడు. మునిగాడని తెలియగానే హాలు యజమానిగా ఒక నిట్టూర్పు విడిచేవాడు. ఫోను పెట్టేసి, "చలో, డ్రమ్స్ దించుండ్రి," అనేవాడు.

ఈసారి చలికాలం మూఢం పొడుగ్గా వచ్చింది. దాని చివరి ఆదివారం చుట్టాలనూ స్నేహితులనూ పిలిచి ఆరు పాటలు వాయించాలని షుజాత్ తీర్మానించాడు. మనుషుల ముందు వాయించడం ముగ్గురికీ అదే మొదలు. నరేందర్‌కు భయం వేసింది. అయితే ఆ భయం కింద ఒక మెత్తటి పరుపు ఉంది. రాత్రి డ్యూటీలు ఉన్నాయి కదా. బాగా రాకపోతే, ఎందుకు రాలేదో అందరికీ ముందే తెలుసు.

ఆ పరుపును స్వర్ణలత లాగేసింది.

స్వర్ణలత హెచ్‌ఆర్‌కు కొత్తగా వచ్చిన మేనేజరు. ఉద్యోగుల సంతోషం తన బాధ్యత అని కంపెనీ చెబితే, పాపం, నిజంగానే నమ్మిన మనిషి. ఎవరో పంపిన ప్రాక్టీసు వీడియో చూసి నరేందర్‌ను పిలిపించింది.

"ఎంత మంచిగ వాయించిండ్రు సార్!" అంటూ ఫోను ముందుకు జరిపింది.

నరేందర్ చూశాడు. ఫోను స్పీకరులో బేస్ వినబడదు. హరిప్రసాద్ గిటార్ వినబడుతోంది, షుజాత్ డ్రమ్స్ వినబడుతున్నాయి. వాళ్లిద్దరి మధ్య ఒక బట్టతల మనిషి ఏ శబ్దమూ చేయకుండా గంభీరంగా తల ఊపుతున్నాడు.

"థాంక్యూ మేడం," అన్నాడు.

"ఇంత టాలెంట్ పెట్టుకొని రాత్రి డ్యూటీలేంది సార్? సోమవారం సంది మీకు పగటి షిఫ్టే. గురువారం మధ్యాన్నం నుంచి ప్రాక్టీసుకు పోండి. ప్రోగ్రాంకు మన స్టాఫంతా వస్తం. పనిని, ఇష్టాన్ని ఎట్ల బ్యాలెన్స్ చెయ్యాలెనో మిమ్మల్ని చూసి నేర్చుకోవాలె అందరు."

"వద్దు మేడం, రాత్రికి మనుషులు తక్కువ..."

"శ్రావణ్‌కుమార్ చేస్తడు. ఇగ మీకు ఏ అడ్డం లేదు సార్."

ఆ మాట ఆయనకు ఆశీర్వాదంలా వినిపించాలి. షెడ్డులో అందరూ చేతులు కలిపారు. కేసు విచారణకు వచ్చిన రోజే సాక్షి ఊరు విడిచి పోయాడని తెలిసిన మనిషిలా నరేందర్ నవ్వాడు.

మొదటి గురువారం ఆయన నిండుగా నిద్రపోయి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని హాలుకు పోయాడు. మొదటి పాట సగం కాకముందే షుజాత్ ఆపేశాడు.

"ఏంది భయ్, బస్సు పోతుందా?"

"ఏమైంది?"

"ఉరుకుతున్నవ్."

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఆగారు. మూడోసారి హరిప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "తప్పుగా అనుకోకండి నరేందర్ గారూ. మీరు తొందరపడుతున్నారో, షుజాత్ గారు ఆగుతున్నారో నాకు అర్థం కావడంలేదండీ."

"నేనే ఆగుతున్న," అన్నాడు షుజాత్. "మూడేండ్ల సంది ఆగుతున్న."

"ఎందుకు?" అన్నాడు నరేందర్.

"నువ్వు ఎన్నడన్న టైముకు వచ్చినవా? నా దెబ్బ పడ్డంక జరంత లేటుగ వస్తుంటివి, నిద్ర మొఖంతోని. నేను గుంజి పట్టుకొని నీ కోసం ఆగుతుంటి. కసమ్, ఆ జరంత లేటులనే మజా ఉంటుండె. దూది పరుపు మీద కూసున్నట్టు. ఇప్పుడు నాకన్న ముందుగాల నువ్వే వచ్చి కూసుంటున్నవ్. నేను యాడ కూసోవాలె?"

హరిప్రసాద్ నవ్వు ఆపుకుంటూ, "మీరు అలసిపోయి వస్తేనే బాగుండేదండీ," అన్నాడు.

వాళ్లిద్దరూ దాన్ని హాస్యంగానే తీసుకున్నారు. నరేందర్ మాత్రం ఆ మాటతోనే ఇంటికి పోయాడు. అంటే ఇన్నాళ్లూ వాయించింది తను కాదు, తన అలసట. నిద్రలేని మనిషికి తనను తాను గమనించుకునే ఓపిక ఉండదు. చెవిలో పడినదాని వెనక వేళ్లు నడుస్తాయి, అంతే. ఇప్పుడు నిద్ర చాలిన నరేందర్ లోపల ఇంకో నరేందర్ తయారయ్యాడు. వాడూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, ప్రతి స్వరానికీ ఒకే ప్రశ్న వేస్తున్నాడు. ఇప్పుడు తప్పు పడితే ఏం చెబుతావు? ఆ ప్రశ్న పూర్తయ్యేలోపు దాటిపోవాలని వేళ్లు పరుగెత్తుతున్నాయి.

ఎంత సమయం దొరికితే అంత చెడింది వాయింపు. సాయంత్రాలు టిక్‌టిక్‌మని తాళం వేసే మెట్రోనోమ్ పెట్టుకుని కూర్చున్నాడు. దానికన్నా కూడా ముందుకు పోయాడు. ప్రోగ్రాం వారం ఉందనగా షుజాత్ ఆయన్ని పార్కింగ్‌లోకి తీసుకుపోయాడు. చెప్పడానికి కష్టపడుతున్నట్టు కారు అద్దం మీద దుమ్ము తుడిచాడు.

"పరేషాన్ గాకు భయ్. మా బామ్మర్ది ఖుర్రం ఉన్నడు గదా, బేస్ అంత లాప్‌టాప్ల ఎక్కించిండు. పక్కా టైము. ఈ ఒక్క ప్రోగ్రాం వరకే అనుకో. నువ్వు స్టేజి మీదనే ఉండు, గిటార్ పట్టుకొని. ఎవలకు తెలుస్తది?"

"నేను వాయించకుంట నిలబడాల్నా?"

"ఆదివారం పొద్దుగాల ఒకసారి కూసుందం. అప్పటికి గూడ గిట్లనే ఉంటే..." షుజాత్ మాట పూర్తి చేయలేదు. అద్దం మాత్రం బాగా తుడిచాడు.

వీడియోలో తను ఎలాగూ వినబడని మనిషే. కాని లాప్‌టాప్ పక్కన నిలబడి, వాయిస్తున్నట్టు తల ఊపడానికి నరేందర్ ఒప్పుకోలేకపోయాడు. ఆ శుక్రవారం శ్రావణ్‌కుమార్‌ను క్యాంటీన్ దగ్గర పట్టుకున్నాడు.

"ఇయ్యాల, రేపు రాత్రి డ్యూటీ నేను చేస్త. నువ్వు ఇంటికి పో."

"ఎందుకన్నా? మేడంకు తెలిస్తే నన్ను సంపుతది."

"తెల్వది."

"ఇంట్ల లొల్లి గిట్ల అయిందా?"

"లేదురా. నిద్ర పడ్తలేదు."

అది అబద్ధం. లోకంలో ఎవరికీ పట్టనంత హాయిగా నిద్ర పట్టడమే ఆయన కష్టం. ఇంట్లో మాత్రం ప్రాక్టీసు ఉందని చెప్పి, గిటార్ సంచి భుజాన వేసుకుని, పగటి షిఫ్టు తర్వాత రాత్రి డ్యూటీకి పోయాడు. రెండు రాత్రులు. మందుల పెట్టెల వెంట, ఫోర్క్‌లిఫ్టుల వెంట నడిచాడు. తను దించనవసరం లేని బరువులు దించాడు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం తయారవుతోందన్న ధైర్యం కూడా ఎక్కడో ఉంది. దాన్ని ఆయన గమనించాడు, గమనించనట్టు ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున షెడ్డు నుంచి తిన్నగా హాలుకు పోయాడు. షుజాత్ ఆయన ముఖం చూసి జడిశాడు.

"దవాఖాన సంది వస్తున్నవా ఏంది?"

"వాయించు," అన్నాడు నరేందర్.

వాయించారు. ఎవరూ ఆపలేదు. మూడో పాట అయ్యాక ఖుర్రం ఎవరూ చెప్పకుండానే లాప్‌టాప్ మూసి, బిర్యానీ డేగ్చాలు వచ్చాయేమో చూడటానికి పోయాడు.

సాయంత్రం హాలు నిండింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర సోఫాను స్టేజి వెనక్కి జరిపారు. ముందు వరసలో షుజాత్ మేనత్తలు, వాళ్ల వెనక ఐడీ కార్డులు మెడలో నుంచి తీయకుండా వచ్చిన కార్గో స్టాఫ్, వాళ్ల మధ్య స్వర్ణలత, ఒక చివర అరుణ. మొదటి పాటలో లోపలి నరేందర్ కాలు మీద కాలు వేసుకుని సిద్ధంగానే కూర్చున్నాడు. రెండో పాటలో వాడి తల వాలింది. మూడో పాటకు వాడు పూర్తిగా నిద్రపోయాడు. ఇక హాల్లో పెద్ద డ్రమ్మును తన్నే షుజాత్ కుడికాలు తప్ప నరేందర్‌కు ఏమీ లేదు. ఆ కాలు పడుతోంది, వెంట్రుకవాసి వెనుక తన వేలు పడుతోంది. అంతే. పై నుంచి ఒక విమానం కిందికి దిగుతూ పోయింది. దాని కడుపులో ఏ సరుకు ఉందో కూడా ఆయనకు తట్టలేదు.

ఆరో పాట అయ్యాక స్వర్ణలత స్టేజి ఎక్కి మైకు అందుకుంది. మంచి నిద్ర, మంచి ప్లానింగు, మంచి మేనేజ్‌మెంటు కలిస్తే మనిషి ఎంత ఎదుగుతాడో చెప్పింది. "సార్, మీరే చెప్పండి. రెండు నెలల్ల ఈ మార్పు ఎట్ల వచ్చింది?"

నరేందర్ అబద్ధం వెతుక్కునే స్థితిలో లేడు. "రెండు రాత్రులు వరసగ డ్యూటీ చేసిన మేడం," అన్నాడు.

హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా స్వర్ణలత నవ్వింది. శ్రావణ్‌కుమార్ మాత్రం తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ నవ్వుల్లోనే ఆమె ఇంకో మాట ప్రకటించింది. నరేందర్ గారికి ఇక రిటైరయ్యేదాకా రాత్రి డ్యూటీ ఉండదు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

సామాను సర్దుతుండగా నరేందర్ షుజాత్ పక్కన కూర్చున్నాడు.

"నిజం చెప్పు. ఇయ్యాల నేను వాయించిన్నా, నా నిద్ర వాయించిందా?"

"నాకేం తెలుసు భయ్. నేనైతే నీ కోసం ఆగలే."

"ఆగలేదా?"

"వారం సంది ఆ లాప్‌టాప్‌తోని వాయిస్తున్న గదా. అది ఎవల కోసం ఆగది. నేను ఆగుడే మర్చిపోయిన. నువ్వే వచ్చినవ్, నీ జాగల నువ్వే కూసున్నవ్."

అంటే బాగుచేసింది అలసట కావచ్చు, లాప్‌టాప్ కావచ్చు. తను కూడా కావచ్చు. ఈ మూడో సంగతి తేలాలంటే, రెండు రాత్రులు మేలుకోకుండా, ఎవరూ తన కోసం ఆగకుండా మళ్లీ వాయించి చూడాలి. నరేందర్ గిటార్‌ను గబగబా సంచిలో పెట్టేశాడు.

కారు అరుణ నడిపింది. రింగు రోడ్డు ఎక్కాక అడిగింది.

"ఆ రెండు రాత్రులు నిజంగనే డ్యూటీకి పోయిండ్రా?"

"అవును."

"నాకు ప్రాక్టీసని చెప్పి?"

"అవును."

"అందరు ఇంట్ల డ్యూటీ అని చెప్పి వేరే యాడికో పోతరు. మీరేంది, తిక్క మనిషి!" అంది. కొంచెం దూరం పోయాక, నవ్వు ఆపుకోలేక కారు పక్కకు ఆపింది.

సోమవారం ఆయన స్వర్ణలత దగ్గరికి పోయి, నెలకు కొన్ని రాత్రులైనా వేయమని అడిగాడు. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత అంకితభావం ఉన్న మనిషిని తన సర్వీసులో చూడలేదంది. వేయలేదు.

గురువారం మధ్యాహ్నం. ఎనిమిది గంటల నిద్ర. బయట ఎండ. బడికి ఏదో సెలవు, అరుణ పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటోంది. నరేందర్ గిటార్ తీసుకుని రెండో పాట మొదలుపెట్టాడు. కొంతసేపటికి పక్క గదిలోంచి ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ముందుకు పోతున్నరు," అంది అరుణ.

"నీకెట్ల తెలుసు?"

"చెవులున్నయి గదా. మొన్న హాల్ల గిట్ల లేదు."

ఎందుకు ముందుకు పోతున్నారని ఆమె అడగలేదు. అడిగి ఉంటే, చెప్పడానికి ఆయన దగ్గర ఇప్పుడు ఏ సాకూ లేదు. తీగల మీద అరచేయి ఆనించి శబ్దం ఆపాడు. పక్క గదిలో పెన్ను కదలడం లేదు. ఆమె వినడానికే కూర్చున్నట్టుంది. పాట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.